సర్దని బోను

మన ఇల్లు, ముందు గది
మార్చి, మొదటి ఆదివారం

అక్కా,

ఈ ఉదయం దూది నీళ్ళ గిన్నెను బోర్లించి, దాని మీద ముందుకాళ్ళు రెండూ పెట్టుకుని నిలబడి ఉంది. ఉపన్యాసం మొదలుపెట్టబోయే మనిషిలా కనిపించింది. నేను గుడ్డ తెచ్చి బోను అడుగు తుడవబోయాను. గుర్రుమంది. కుందేళ్ళు గుర్రుమంటాయని నాకు ఇంతవరకు తెలియదు. మూత పెట్టిన గిన్నెలో ఏదో ఉడుకుతున్నట్టు ఉంటుంది ఆ చప్పుడు. తర్వాత నా వేళ్ళ మీద టపటపా కొట్టింది. గోళ్ళు గీరుకున్నాయి, అంతే.

నువ్వు నాకు తోడుగా ఉంటుందని తెచ్చినప్పుడు అది అరచేతిలో పట్టేది. నువ్వు గోడౌనుకు వెళ్ళాక బాగా పెరిగింది. ఇప్పుడు చెప్పుల పెట్టెలో కూడా పట్టదు. కోపం కూడా పెరిగింది. ఎందుకో అర్థం కావడం లేదు. దానికి ఏ లోటూ రానివ్వడం లేదు నేను. లేవగానే బోను సర్దుతాను. గడ్డి ఎడమ మూలకు, నీళ్ళు కుడి మూలకు, పడుకునే పెట్టె వెనక గోడకు ఆనించి. కాన్వెంటు హాస్టల్లో మా సామాన్లు అలాగే ఉండేవి. లైబ్రరీ నుంచి వచ్చేసరికి అంతా చిందరవందరగా ఉంటుంది. మళ్ళీ సర్దుతాను. మళ్ళీ కొడుతుంది.

మా లైబ్రరీలో కుందేళ్ళ మీద రెండే పుస్తకాలున్నాయి. ఒకటి పిల్లల కథలది. రెండోది వంటలది. రెండూ నా దగ్గరికే మరమ్మతుకు వచ్చాయి. రెండింటికీ కొత్త అట్టలు వేశాను.

కోపం వస్తే దూది వెనక కాలు నేలకేసి కొడుతోంది. కింది వాటా ఆవిడ మెట్ల దగ్గర ఆపి, పైన ఎవరైనా మగమనిషి దిగాడా అని అడిగింది. లేదన్నాను. నమ్మలేదు.

ఏం చేయమంటావో రాయి. ఫోనులో అడిగితే నేను సరిగ్గా చెప్పలేను.

నీ చెల్లెలు


గోడౌను ఆఫీసు, మేడ మీద
మంగళవారం

చిన్నదానా,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను, తర్వాత ఒళ్ళు మండింది. ఫోను చేస్తే ఊఁ, ఆఁ తప్ప నోట్లోంచి మాట రాదు. కాగితం మీద మాత్రం కుందేలు ఉపన్యాసాలిస్తుంది. కుందేలికి భయపడే మనిషిని పుట్టి బుద్ధెరిగి ఇప్పుడే చూస్తున్నాను, అదీ మన ఇంట్లోనే.

నా ఉద్యోగమే కోపిష్టివాళ్ళను దారిలో పెట్టడం. ఇంత కంపెనీకి చెప్పగలిగినదాన్ని, గుప్పెడు జీవం గురించి చెప్పలేనా? విను. చేతికి మందపాటి గ్లౌజు వేసుకో. అది మీదికొస్తే చెయ్యి వెనక్కి లాక్కోకు, లాక్కున్నావంటే అది గెలిచినట్టే. గట్టి గొంతుతో ఒక్కసారి వద్దు అను. సారీ మాత్రం చెప్పకు. నువ్వు దానికి రోజూ సారీ చెబుతున్నావని నాకు తెలుసు.

ఇక్కడ ప్యాకింగు సెక్షను ఆడవాళ్ళ పేచీలు తీర్చమని కదా నన్ను పంపారు. రాగానే రోగం ఎక్కడుందో కనిపెట్టాను. ఒక్కొక్కరి బల్ల ఒక్కో దిక్కుకు ఉంది. ఒకావిడ కుర్చీలో ఇంటి నుంచి తెచ్చుకున్న దిండు, ఇంకొకావిడ బల్లకు చేటంత అద్దం, మూలన ఎవరిదో రేడియో. అన్నీ తీయించి బల్లలు వరసలో పెట్టించాను. ఇప్పుడు చూస్తే కళ్ళు చల్లబడతాయి. ఒక్కరూ నోరెత్తలేదు.

ఒక మాట ముందే చెప్పి ఉంచుతున్నాను. నీ చేతులతో నువ్వు అన్నం తినాలి, పుస్తకాలు కుట్టాలి. అది నిన్ను రక్తం వచ్చేలా కరిచిందంటే ఇక ఇంట్లో ఉండదు. ఊరి బయట కుందేళ్ళ ఫారం ఉంది, ఆయన నంబరు నా దగ్గరుంది. దూది ప్రస్తుతం ప్రొబేషన్ మీద ఉందనుకో.

అక్క


మన ఇల్లు, ముందు గది
మార్చి, చివరి ఆదివారం

అక్కా,

నువ్వు చెప్పినవన్నీ చేశాను.

గ్లౌజును దూది పళ్ళతో పట్టి లాక్కుంది. లాక్కోకూడదన్నావని నేను చెయ్యి కదపలేదు. చెయ్యి మిగిలింది, గ్లౌజు పోయింది. ఇప్పుడది దాని పెట్టెలో ఉంది. తీయబోతే ఒప్పుకోవడం లేదు.

గట్టి గొంతుతో వద్దు అన్నాను. అది విని కింది వాటా ఆవిడ పైకి వచ్చి, ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని అడిగింది.

పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. నొప్పి ఉన్నా కుందేళ్ళు ఇలా చేస్తాయట, అందుకని ముందు నోరు తెరిచి చూశాడు. పళ్ళు బాగున్నాయన్నాడు. నాకు తెలుసండీ అని చెయ్యి చూపించాను. ఈడొచ్చిన ఆడ కుందేలు, తన చోటు తనదంటుంది, పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేస్తే చాలావరకు నెమ్మదిస్తుంది అన్నాడు. ఇంకో సంగతి కూడా చెప్పాడు. కుందేలికి పక్కలా వెనకా బాగా కనిపిస్తుంది గానీ సరిగ్గా ముక్కు ముందున్నది కనిపించదట. మనం ప్రేమగా ముక్కు దగ్గర పెట్టే చెయ్యి దానికి ఎక్కడి నుంచో ఊడిపడినట్టు ఉంటుంది. ఆపరేషను సంగతి మా అక్కను అడిగి చెబుతానన్నాను. కుందేలు మీ అక్కగారిదా అన్నాడు. అవునన్నాను.

విచిత్రం ఏమిటంటే బోను బయట దానికి కోపం ఉండదు. సాయంత్రాలు వదిలిపెడితే గదంతా తిరిగి నా కుర్చీకి కాస్త దూరంలో కూర్చుంటుంది. నేను పేజీ తిప్పినప్పుడల్లా ఒక చెవి ఇటు తిరుగుతుంది. ఈ ఇంట్లో నేను కాక కదిలేది అదొక్కటే.

ఆపరేషను చేయించనా?

నీ చెల్లెలు


గోడౌను ఆఫీసు, మేడ మీద
ఏప్రిల్, శుక్రవారం

చిన్నదానా,

ఆపరేషనూ వద్దు, ఏమీ వద్దు. నేను వచ్చాక చూద్దాం. దానికి కావలసింది డాక్టరు కాదు, క్రమశిక్షణ. బోను సర్దడం ఒక్క పూట కూడా మానకు. అది చిందరవందర చేస్తుంటే నువ్వు ఊరుకున్నావంటే ఇల్లు దానిదైపోతుంది.

ఇక్కడ చూడు, అంతా ప్రశాంతం. ప్యాకింగు సెక్షనులో చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది. నేను లోపలికి అడుగు పెట్టగానే మాటలు ఆగిపోతాయి. మా మేనేజరు కూడా ఆశ్చర్యపోయాడు. పేచీలు పోయాయి గానీ పని కూడా కాస్త నెమ్మదించినట్టుంది కదా అన్నాడు. కుదురుకోవడానికి టైము పడుతుందన్నాను.

నా బల్ల గోడ వైపుకు మార్చుకున్నాను. వెలుతురు బాగా పడుతుంది.

నువ్వు సరిగ్గా తింటున్నావా? పుస్తకం పట్టుకుని తింటున్నావని నాకు తెలుసు.

అక్క


మన ఇల్లు, ముందు గది
ఏప్రిల్, బుధవారం

అక్కా,

ఈ వారం విశేషాలేమీ లేవు. బోను సర్దుతున్నాను. లైబ్రరీలో నన్ను కొన్నాళ్ళు మరమ్మతు గది నుంచి చదువుకునే హాలుకు మార్చారు. అక్కడ ఊరికే కూర్చుని, ఎవరైనా గట్టిగా మాట్లాడితే వాళ్ళ వైపు చూడాలి. ఎవరూ మాట్లాడరు.

రాత తిన్నగా లేకపోతే ఏమీ అనుకోకు. కలం మార్చాను.

నీ చెల్లెలు


గోడౌను ఆఫీసు, మేడ మీద
సోమవారం

కలం మార్చావా? చెయ్యి మార్చావు.

కింది వాటా ఆవిడ ఫోను చేసింది. నీ కుడిచేతికి కుట్లు పడ్డాయనీ, మెట్ల మీద రక్తం తానే కడిగాననీ, నువ్వు దారిలో ఎదురైన ప్రతివాళ్ళకూ మేకు గీరుకుందని చెబుతున్నావనీ చెప్పింది. మా చెల్లెలు అబద్ధం ఆడదు అన్నాను. మేకుకు పళ్ళుంటాయా అమ్మా అంది. ఏం చెప్పను ఆవిడకు?

నాకు కోపం ఆ జంతువు మీద కాదు, నీ మీద. నిన్ను కొరికినా సరే వెనకేసుకొస్తావు. బళ్ళో నీ పెన్సిళ్ళు లాక్కున్న పిల్లకు నువ్వే చెక్కి ఇచ్చేదానివి.

ఇక మాటల్లేవు. ఫారం ఆయనతో మాట్లాడాను. వచ్చే ఆదివారం పొద్దున వస్తాడు. బోనుతో సహా ఇచ్చెయ్యి. అక్కడ ఆరుబయలు, తోటి కుందేళ్ళు, బోలెడు గడ్డి. దానికీ మంచిదే. ఏడవకు. ఆయన వెళ్ళాక నేల ఫినాయిలు పెట్టి తుడిచి, హాయిగా పడుకో.

ఇచ్చేశానని రాయి.

అక్క


మన ఇల్లు, ముందు గది
ఆదివారం సాయంత్రం

అక్కా,

ఫారం ఆయన పొద్దున్నే వచ్చాడు. మర్యాదగల మనిషి. చెప్పులు బయట విప్పాడు. టీ ఇచ్చాను.

ఫారంలో ముసలి కుందేళ్ళు చాలా ఉంటాయా అని అడిగాను. మా దగ్గర ఏదీ ముసలిది కాదమ్మా అన్నాడు.

బోను వ్యానులోకి ఎక్కించడానికి నేనూ ఒక చెయ్యి వేశాను. నాకున్నది అదొక్కటే కదా. అది ఉన్నచోట నేల రంగు వేరుగా ఉంది. ఫినాయిలు పెట్టి తుడిచాను, రంగు మారలేదు.

కట్టు రేపు విప్పుతారు.

నీ చెల్లెలు


గోడౌను ఆఫీసు
గురువారం

చిన్నదానా,

నీ ఉత్తరం వచ్చి రెండు రోజులైంది. జవాబు రాయడానికి కూర్చోవడం, లేవడం.

నేను రాసిందల్లా చేసెయ్యమని ఎవరన్నారు? అన్నది నేనే, తెలుసు. చిన్నప్పటి నుంచి ఒక్కసారైనా నాకు ఎదురు చెప్పావా? ఈ ఒక్కసారి చెప్పి ఉండకూడదా? వద్దక్కా అని ఒక్క ముక్క రాసి ఉంటే నేను అరిచేదాన్ని, తిట్టేదాన్ని, ఆ తర్వాత ఊరుకునేదాన్ని. నా సంగతి నీకు తెలియదా?

ముసలి కుందేళ్ళ మాట దగ్గర ఆగిపోయాను. ఆయన వ్యాపారం ఏమిటో నాకు తెలుసు. ఫోను చేసిన రోజే తెలుసు. ఆరుబయలు అని నీకు రాసింది నీకోసం కాదు, నాకోసం. నువ్వు అంత మెల్లగా ఆ ప్రశ్న అడిగి, జవాబు విని, ఆయనకు టీ కూడా ఇచ్చావని తలుచుకుంటే నాకు తిండి సయించడం లేదు.

ఆయనకు నాలుగుసార్లు ఫోను చేశాను. ఎత్తడం లేదు. ఇంకా ఉంటే వెనక్కి తెచ్చుకుందామని.

ఇంకో సంగతి. నా బల్ల నేను మార్చుకోలేదు. ఓ పొద్దున వచ్చేసరికి గోడకు తిప్పేసి ఉంది. పైనున్న కాగితాలు, కలాలు అన్నీ మళ్ళీ చక్కగా వరసలో పెట్టి మరీ. ఎవరు చేశారని అడగడానికి నామోషీ. వెలుతురు కోసం నేనే తిప్పించానని ప్యూనుతో చెప్పాను. అప్పటి నుంచి గోడను చూస్తూ పని చేస్తున్నాను. వెనక వాళ్ళు నవ్వుకుంటారనుకుంటే నవ్వడం కూడా లేదు. నా కుర్చీ వెనక నుంచి ఎవరు నడిచినా ఉలిక్కిపడుతున్నాను. నిన్న టీ పట్టుకొచ్చిన మనిషి మీద అరిచాను. పాపం, అతను చెప్పకుండా పక్కన పెట్టాడు, అంతే.

కంపెనీ వెనక్కి పిలిచింది. ఇక్కడ నీ పని అయిపోయిందన్నారు. ఆ మాట మెచ్చుకోలు కాదని నాకు అర్థమవుతోంది. వచ్చే వారాంతానికి ఇల్లు చేరతాను. ముందు గదిలో ఆ ఖాళీ నేను చూడలేను. అక్కడ ఏదైనా బల్ల వెయ్యి.

నామీద కోపంగా ఉందా? ఉంటే రాయి. ఊరికే ఉండకు.

అక్క


మన ఇల్లు, వంటింటి బల్ల దగ్గర
శనివారం

అక్కా,

దూది బాగానే ఉంది. ముందు అది చెప్పాలి.

ఆ ఆదివారం నేను రాసినదాంట్లో అబద్ధమేమీ లేదు, మళ్ళీ చదివి చూడు. ఆయన తీసుకెళ్ళింది బోను. మిగతాది ఆ రోజు రాయలేకపోయాను. రాస్తే నువ్వు ఆయన్ను మళ్ళీ పంపుతావనుకున్నాను. ఇప్పుడు పంపవు.

జరిగింది ఇది. కుట్లు పడ్డాక డాక్టరు చెయ్యి తడపవద్దన్నాడు. ఎడమచేత్తో గడ్డి లోపలికి తోయగలను గానీ బోను సర్దడం నావల్ల కాలేదు. నువ్వు ఒక్క పూట కూడా మానవద్దన్నావు. సర్దుతున్నానని, కలం మార్చానని అంతకు ముందు నీకు రాసినవే అబద్ధాలు. మొదటి రోజు సర్దలేదు. గుర్రుమనలేదు. రెండో రోజూ సర్దలేదు. గడ్డి తోస్తుంటే వచ్చి నా మణికట్టు వాసన చూసి వెళ్ళిపోయింది. ఆ తర్వాత నేను నేల మీద కూర్చుని బోనులోకి చూడటం మొదలుపెట్టాను. ఇన్ని నెలలుగా సర్దానే గానీ ఎప్పుడూ చూడలేదు.

నీళ్ళ గిన్నె మధ్యలో ఉంది. అక్కడి నుంచి తాగుతూ తలుపు వైపు కన్నేసి ఉంచవచ్చు. గడ్డి సగం పెట్టె కింద కూరి ఉంది, మెత్తగా ఉండటానికి. నీ గ్లౌజు పెట్టె గుమ్మంలో అడ్డంగా ఉంది. అది చిందరవందర కాదక్కా. అది దాని సర్దుడు. పాపం రోజంతా కష్టపడి సర్దుకునేది. పొద్దునా సాయంత్రం ఒక పెద్ద చెయ్యి ముక్కు ముందు నుంచి ఊడిపడి అంతా పాడు చేసి, సారీ అని వెళ్ళేది.

పశువుల డాక్టరుకు చెబితే నవ్వి, చాలామంది చేసే పనే, మీరు మరీ శ్రద్ధగా చేశారు అన్నాడు.

ఫారం ఆయన వచ్చేసరికి ఇదంతా నాకు తెలుసు. కానీ ఆయన గుమ్మంలో నిలబడితే ఆ మాట అనకుండా టీ పెట్టడానికి వెళ్ళాను. టీ తాగడం అయిపోయింది. ఆయన లేచి గోనె సంచి దులిపాడు. అప్పుడు అన్నాను.

"కుందేలిని ఇవ్వడం లేదండీ."

"మీ అక్కగారు ఇచ్చెయ్యమన్నారే?"

"అక్క ఇక్కడ లేదండీ. ఉన్నది నేను."

ఆయన నా కట్టు వైపు, దూది వైపు చూశాడు. "ఇంత దూరం వచ్చి ఒట్టి చేతులతో పొమ్మంటావా అమ్మా?" అన్నాడు. ఆ మాటకు నాకు చాలా సిగ్గేసింది. ఇంటికి వచ్చిన మనిషిని అలా ఎలా పంపను? చుట్టూ చూస్తే బోను కనిపించింది. అది ఇచ్చాను. మంచి బోను, సంతోషంగానే తీసుకెళ్ళాడు. నీ ఫోను ఎందుకు ఎత్తడం లేదో నాకు తెలియదు. బోను తిరిగి అడుగుతావని భయపడుతున్నాడేమో.

ఆపరేషనుకు తేదీ తీసుకున్నాను. కాగితంలో యజమాని అన్నచోట నా పేరు రాశాను.

నామీద కోపంగా ఉందా అని అడిగావు. నువ్వు ఆరుబయలు అని రాసిన రోజు వచ్చింది. ఇప్పుడు లేదు. నీ బల్ల సంగతి చదివి నవ్వు వచ్చింది, తర్వాత నవ్వు రాలేదు. ఆ దిండు, అద్దం, రేడియో ఎక్కడ పెట్టించావో గుర్తుంటే బయలుదేరే ముందు ఎవరివి వాళ్ళకు ఇచ్చెయ్యి. నిన్ను పలకరించకపోయినా పర్వాలేదు. ఇచ్చి, పక్కకు నిలబడు.

నువ్వు వచ్చేలోగా కొన్ని సంగతులు తెలుసుకోవాలి. దూది వస్తువులేవీ జరపకూడదు. తుడవడం అది వేరే చోట తిరుగుతున్నప్పుడే చేయాలి, తుడిచి ఏది ఎక్కడుందో అక్కడే పెట్టాలి. చెయ్యి ముక్కు ముందుకు చాపకూడదు, పక్క నుంచి తెచ్చి నుదుటి మీద ఆనించాలి. గుమ్మం దగ్గర ఆగి, మెల్లగా పలకరించి, అది వచ్చేదాకా నిలబడాలి. కాలు నేలకేసి కొడితే రావద్దని అర్థం. నాకు ఇవన్నీ సులువుగానే ఉన్నాయి. నీకు కొంచెం కష్టమవుతుంది.

ఇదంతా ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, బోను పోయినప్పటి నుంచి దూది ఉంటున్నది నీ గదిలో.

నీ చెల్లెలు